యువియైటిస్‌కు చుక్కలా, ఇంజెక్షనా, మాత్రలా? కంటి మధ్యపొరలో జబ్బు ఎక్కడుందో చూసి ఎంచుకోవాలి

కంటి మధ్యపొరను యువియా అంటారు. లాటిన్‌లో ఊవా అంటే ద్రాక్షపండు. పైనున్న తెల్లపొరను ఒలిచేస్తే లోపల నల్లగా, గుండ్రంగా, ముందువైపు చిన్న రంధ్రంతో, తొడిమ ఊడిన నల్లద్రాక్షలా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ పొరలో ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, మంట, వస్తే అది యువియైటిస్. వైద్యం మొదలుపెట్టేటప్పుడు చాలామంది అడిగేది, "వీటిలో బలమైన మందు ఏది డాక్టరుగారూ?" అని. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది: ఈ మందు నా జబ్బు ఉన్నచోటికి చేరుతుందా? గంటగంటకూ చుక్కలు వేసినా కంటి వెనుక భాగంలోని జబ్బు కదలదు. ముందు భాగంలోని చిన్న జబ్బుకు నెలల తరబడి మాత్రలు మింగితే ఒళ్లు గుల్లవుతుంది. అందుకే ఈ పొర ఎలా ఉంటుందో, ఏ భాగం ఏం పని చేస్తుందో తెలిస్తే ఎంపిక సగం తేలిపోయినట్టే.

మూడు భాగాలు, మూడు దారులు

ముందున్నది ఐరిస్. నల్లగుడ్డుకు రంగునిచ్చే వలయం, సుమారు 12 మి.మీ. వెడల్పు. మధ్యలోని రంధ్రమే కనుపాప. దాన్ని ముడిచే కండరం ఒకటి, విప్పే కండరం మరొకటి. ఐరిస్ వెనుకే, దాదాపు ఆనుకుని, లెన్స్ ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ వచ్చినప్పుడు రక్తనాళాల నుంచి ప్రొటీన్లు కారి, ఐరిస్ ముందున్న గదిని నింపే నీరు, అంటే నేత్రోదకం, చిక్కబడుతుంది. అప్పుడు ఐరిస్ అంచు జిగురు పెట్టినట్టు లెన్స్‌కు అతుక్కుంటుంది. ఈ అతుకులు కనుపాప చుట్టూ పూర్తిగా పడితే వెనుక తయారయ్యే నీటికి ముందుకు వచ్చే దారి మూసుకుపోతుంది. ఐరిస్ బుడగలా ముందుకు ఉబ్బి కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది.

ఐరిస్ వెనుక వలయంలా ఉండేది సీలియరీ బాడీ, వెడల్పు దాదాపు 6 మి.మీ. దాని ముందరి 2 మి.మీ. భాగంలో 70 దాకా సన్నని మడతలు ఉంటాయి. నేత్రోదకం తయారయ్యేది అక్కడే, నిమిషానికి రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున. ఈ లెక్కన కంటి ముందు గదిలోని నీరంతా గంటన్నర, రెండు గంటల్లో కొత్తదై పోతుంది. లోపలికి చేరిన చుక్కల మందు కూడా ఆ నీటితోపాటే కొట్టుకుపోతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు గంటగంటకూ చుక్కలు వేయమనడానికి ఇదొక కారణం. ఇదే భాగంలోని కండరం ముడుచుకుంటే లెన్స్‌ను పట్టి ఉంచే దారాలు వదులై, లెన్స్ ఉబ్బి, దగ్గరి వస్తువులు కనిపిస్తాయి. యువియైటిస్‌లో ఈ కండరం బిగుసుకుపోతుంది. వెలుతురు చూడగానే కంట్లో లోతుగా నొప్పి పుట్టేది అందుకే.

వెనుకనున్న 4 మి.మీ. భాగం చదునుగా ఉంటుంది. దాని పేరు పార్స్ ప్లానా. ఇక్కడ మడతలు లేవు, చూపునిచ్చే రెటీనా ఇంకా మొదలుకాలేదు. కంటిలోకి సూది దించడానికి క్షేమమైన చోటు ఇదొక్కటే. నల్లగుడ్డు అంచు నుంచి కొలబద్దతో కొలిచి, సొంత లెన్స్ ఉన్న కంటికి 4 మి.మీ., శుక్లం ఆపరేషన్ అయిన కంటికి 3.5 మి.మీ. దూరంలో గుచ్చుతారు. ముందుకు జరిగితే లెన్స్‌కు, వెనక్కి జరిగితే రెటీనాకు దెబ్బ.

మూడోది కోరాయిడ్. బడి పుస్తకాల్లో రక్తపటలం అని చదివింది ఇదే. మందం 0.1 నుంచి 0.2 మి.మీ. మాత్రమే, అయినా కంటికి వచ్చే రక్తంలో దాదాపు 85 శాతం దీనిలోంచే పారుతుంది. రెటీనా బయటి పొరకు, అంటే వెలుతురును పట్టే కణాలకు, ఆహారం, ఆక్సిజన్ ఇక్కడి నుంచే వస్తాయి. సూటిచూపుకు కేంద్రమైన మ్యాక్యులా నడిబొడ్డున రెటీనాకు సొంత రక్తనాళాలే లేవు. ఆ చుక్కంత చోటు పూర్తిగా కోరాయిడ్ మీదే బతుకుతుంది. ఇంత రక్తం పారే చోటు కాబట్టి క్షయ, సిఫిలిస్ లాంటి ఒంట్లోని జబ్బులు కొట్టుకొచ్చి నిలిచేదీ ఇక్కడే, మింగిన మాత్ర బాగా చేరేదీ ఇక్కడే. పైన వేసిన చుక్క మాత్రం ఇంత లోతుకు పనికొచ్చేంత మోతాదులో రాదు.

జబ్బుకు పెట్టే పేర్లు కూడా చోటును బట్టే. 2005లో అంతర్జాతీయంగా ఒప్పుకున్న పద్ధతి ప్రకారం ముందు గదిలో ఉంటే యాంటీరియర్, లెన్స్ వెనుక కంటిని నింపే విట్రియస్ జెల్లీలో ఉంటే ఇంటర్మీడియట్, రెటీనాలోనో కోరాయిడ్‌లోనో ఉంటే పోస్టీరియర్, అంతటా ఉంటే ప్యాన్‌యువియైటిస్. మీ చీటీ మీద ఈ నాలుగింటిలో ఏది రాసి ఉందో చూసుకోండి. లేకపోతే అడిగి రాయించుకోండి.

ఎంపికకు ముందు తేలాల్సింది

జబ్బు ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిందా, కాదా? దీని మీద మేం రాజీ పడం. ఎందుకంటే కింద పోల్చబోయే మందులన్నీ ఏదో ఒక తీరున రోగనిరోధక శక్తిని అణిచేవే. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వల్ల వచ్చే పుండుకు దాని మందు ఇవ్వకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఇస్తే పుండు పాకుతుంది. హెర్పిస్ జాతి వైరస్ రెటీనాను తినేస్తున్నప్పుడు కంట్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొద్దిరోజుల్లోనే చూపు పోవచ్చు. కాబట్టి మొదటిసారి, ఒక్క కంట్లో, ముందు భాగానికే పరిమితమై తేలికగా వచ్చినది తప్ప, మిగతావాటన్నిటికీ సిఫిలిస్ రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, క్షయ కోసం చర్మ పరీక్షో రక్త పరీక్షో తప్పనిసరిగా చేయించాలి. ఐరిస్‌లో ఒక ముక్క మాత్రమే వెలిసిపోయినట్టు ఉండి కంటి ప్రెషర్ పెరిగి ఉంటే హెర్పిస్‌ను అనుమానించాలి. పెద్ద వయసులో కొత్తగా మొదలై, స్టెరాయిడ్‌కు కాస్త తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే "యువియైటిస్" ఒక్కోసారి లింఫోమా అనే క్యాన్సర్ కావచ్చు.

చుక్కలు: ముందు భాగానికి సాటిలేనివి

యాంటీరియర్ యువియైటిస్‌కు మొదటి ఎంపిక చుక్కలే. ఒంట్లోకి పెద్దగా చేరవు, జబ్బు దగ్గరికి సూటిగా వెళ్తాయి. కన్ను చూసే మైక్రోస్కోపు అయిన స్లిట్‌ల్యాంప్ కాంతిని 1 మి.మీ. చదరంగా పెట్టి అందులో తేలే కణాలను డాక్టరు లెక్కిస్తారు. 6 నుంచి 15 కనిపిస్తే ఒకటో స్థాయి, 16 నుంచి 25 అయితే రెండు, 26 నుంచి 50 అయితే మూడు, 50 దాటితే నాలుగు. చుక్కలు పెంచాలా తగ్గించాలా అన్నది ఈ అంకెను చూసే నిర్ణయిస్తారు. కంటి ఎరుపు తగ్గడం నమ్మదగిన కొలత కాదు.

ఇక్కడ ఎక్కువగా వాడేవి రెండు. ప్రెడ్నిసోలోన్ అసిటేట్ 1 శాతం చుక్కల్లో మందు పొడిలా అడుగున పేరుకుంటుంది. ప్రతిసారీ సీసాను బాగా కుదపాలి, లేకపోతే మొదటి వారమంతా నీళ్లు, చివర్లో గాఢమైన మందు పడతాయి. మందు పనిచేయలేదని వచ్చేవారిలో కొందరికి అసలు లోపం ఇదే. రెండోది డైఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం. ఇది కుదపాల్సిన పనిలేని ఎమల్షన్. రోజుకు నాలుగుసార్లు వేస్తే ప్రెడ్నిసోలోన్ ఎనిమిదిసార్లు వేసినంత పని చేస్తుందని పరీక్షల్లో తేలింది. చుక్కలు సమయానికి వేయించుకోవడం కుదరనివారికి ఇది మేలు. అయితే కంటి ప్రెషర్‌ను ఎక్కువగా పెంచగలదు, ముఖ్యంగా పిల్లల్లో. ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే గ్లాకోమా ఉన్నవారికి మేం ముందుగా ప్రెడ్నిసోలోన్ వైపే మొగ్గుతాం. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ చుక్కలు ప్రెషర్‌ను తక్కువ పెంచుతాయి కానీ తీవ్రమైన యువియైటిస్‌కు వాటి బలం చాలదు.

స్టెరాయిడ్‌తోపాటు కనుపాపను విప్పే చుక్క ఎందుకిస్తారో చాలామందికి చెప్పరు. చూపు మసకబారుతోందని రోగి దాన్ని మానేస్తాడు, ఐరిస్ అతుక్కుపోతుంది. అట్రోపిన్ ప్రభావం వారం నుంచి రెండు వారాలు ఉంటుంది, హోమాట్రోపిన్‌ది ఒకటి నుంచి మూడు రోజులు, సైక్లోపెంటొలేట్‌ది దాదాపు ఒక రోజు. మామూలు కేసులో హోమాట్రోపిన్ గానీ సైక్లోపెంటొలేట్ గానీ మంచిది. కనుపాప విప్పుకుని, ముడుచుకుని కదులుతూ ఉంటేనే అతుకు పడదు. అట్రోపిన్‌తో అది విప్పుకున్న చోటే రోజుల తరబడి ఆగిపోతుంది, కాబట్టి బాగా తీవ్రమైన జబ్బుకు దాన్ని దాచుకోవాలి.

వేసే తీరు కూడా ఫలితాన్ని మారుస్తుంది. ఒక్క చుక్క చాలు, కంటి రెప్పల మధ్య అంతకుమించి నిలవదు. వేశాక కళ్లు మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టాలి. రెండో రకం చుక్కకు ముందు ఐదు నిమిషాలు ఆగాలి. తగ్గించడం మెల్లగా, నాలుగు నుంచి ఆరు వారాల మీద సాగాలి. నొప్పి పోయిందని వారానికే ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది.

చుక్కల పరిమితి ఒక్కటే, కానీ పెద్దది. లెన్స్ వెనక్కి అవి సరిపడా వెళ్లవు. విట్రియస్‌లో మబ్బు, మ్యాక్యులా వాపు, కోరాయిడ్‌లో మచ్చలు ఉంటే చుక్కల లెక్క పెంచుతూ కాలం గడపడం వృథా.

ఇంజెక్షన్లు, ఇంప్లాంట్లు: ఒక్క కన్నే ఇబ్బంది పెడుతున్నప్పుడు

ఒక కంట్లోనే జబ్బు, ఒంట్లో వేరే రోగం లేదు, మ్యాక్యులా వాపు వల్ల చూపు తగ్గింది. ఇలాంటప్పుడు మందును నేరుగా కంటికే ఇవ్వడం సబబు.

కంటి పక్కన, తెల్లపొర బయట, 40 మి.గ్రా. ట్రయామ్‌సినలోన్ ఇవ్వడం పాత పద్ధతి. సూది కంటిలోపలికి వెళ్లదు, అందుకే భయం తక్కువ. విట్రియస్‌లోకి ఇచ్చేవాటిలో 4 మి.గ్రా. ట్రయామ్‌సినలోన్ ఒకటి, 0.7 మి.గ్రా. డెక్సామెథసోన్ ఇంప్లాంట్ మరొకటి. ఇంప్లాంట్ బియ్యపు గింజకన్నా సన్నని కడ్డీ, లోపలే కరిగిపోతుంది, ప్రభావం మూడు నుంచి ఆరు నెలలు. ఈ మూడింటినీ పాయింట్ అనే పరీక్షలో పోల్చి 2019లో ఫలితాలు ప్రకటించారు. ఎనిమిది వారాల నాటికి మ్యాక్యులా మందం పక్కన ఇచ్చిన ఇంజెక్షన్‌తో 23 శాతం, లోపల ఇచ్చిన ట్రయామ్‌సినలోన్‌తో 39 శాతం, ఇంప్లాంట్‌తో 46 శాతం తగ్గింది. అంటే వాపు ముఖ్య సమస్య అయినప్పుడు లోపలికి ఇచ్చేదే మేలు, ఇంప్లాంట్‌కూ ట్రయామ్‌సినలోన్‌కూ పెద్ద తేడా లేదు. ప్రెషర్ విషయంలో లోపలి ఇంజెక్షన్లు కొంచెం ఎక్కువ జాగ్రత్త కోరతాయి.

2021లో అమెరికాలో అనుమతి పొందిన కొత్త దారి కూడా ఉంది. తెల్లపొరకూ కోరాయిడ్‌కూ మధ్యనున్న సన్నని సందులోకి సుమారు 1 మి.మీ. పొడవున్న సూదితో 4 మి.గ్రా. ట్రయామ్‌సినలోన్ పంపుతారు. మందు కోరాయిడ్ పక్కనే నిలిచిపోయి, లెన్స్ వైపు తక్కువగా వస్తుంది. పరీక్షలో 24 వారాలకు 47 శాతం మంది అక్షరాల పట్టిక మీద 15 అక్షరాలు అదనంగా చదవగలిగారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవారిలో అది 16 శాతం. మధ్యపొర నిర్మాణాన్ని ఇంత తెలివిగా వాడుకున్న పద్ధతి ఇంకొకటి లేదు. దొరికేచోట, నేర్పున్న చేతుల్లో, దీన్ని తప్పక పరిశీలించాలి.

డెక్సామెథసోన్ ఇంప్లాంట్ పెట్టకూడని కళ్లూ ఉన్నాయి. శుక్లం ఆపరేషన్‌లో లెన్స్ వెనుక సంచి చిరిగిన కంట్లో అది ముందు గదిలోకి జారి, కంటి ముందరి పారదర్శక పొర అయిన కార్నియాను పాడుచేస్తుంది. ఆపరేషన్ మామూలుగా జరిగిందా అన్నది పాత కాగితాల్లో ఉంటుంది, వాటిని తీసుకెళ్లండి. గ్లాకోమా బాగా ముదిరినవారికీ, కంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నవారికీ కూడా వద్దు. ఏ ఇంజెక్షన్ తర్వాతైనా వారంలోపు నొప్పి పెరిగి, చూపు పడిపోతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. లోపల చీము పట్టడం అరుదే, కానీ ఒక్కరోజు ఆలస్యానికి కూడా మూల్యం ఉంటుంది.

సంవత్సరాల తరబడి మందు విడిచే ఫ్లూవోసినలోన్ ఇంప్లాంట్లు వేరే కోవ. ఆపరేషన్ చేసి కుట్టే 0.59 మి.గ్రా. రకం సుమారు రెండున్నరేళ్లు పనిచేస్తుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను అణచడంలో దీనికి తిరుగులేదు. అయితే సొంత లెన్స్ ఉన్న దాదాపు అన్ని కళ్లకూ మూడేళ్లలో శుక్లం ఆపరేషన్ అవసరమవుతుంది, మూడో వంతుకు పైగా కళ్లకు గ్లాకోమా ఆపరేషన్ కూడా. సూదితో పంపే 0.18 మి.గ్రా. రకం మూడేళ్లదాకా వస్తుంది, దుష్ప్రభావాలు తేలికగా ఉంటాయి. శుక్లం ఆపరేషన్ అయిపోయి, ఇంతకుముందు స్టెరాయిడ్‌తో ప్రెషర్ పెరగని కంటికి ఈ దారి నప్పుతుంది. అందుకే ముందు చుక్కలో, కరిగిపోయే ఇంప్లాంటో వాడి ప్రెషర్ ఎలా ఉంటుందో చూసుకోకుండా ఇంత దీర్ఘకాలపు మందు పెట్టించుకోవద్దు.

మాత్రలు: రెండు కళ్లూ, వెనుక భాగం, ఒంట్లో జబ్బు

రెండు కళ్ల కోరాయిడ్లూ ఒకేసారి జబ్బుపడే వోగ్ట్-కొయనాగి-హరడ వ్యాధి, ఒక కంటికి గాయమైతే రెండో కంటికీ అంటుకునే సింపథెటిక్ ఆఫ్తల్మియా లాంటివాటిలో చుక్కలా, ఇంజెక్షనా అన్న చర్చకు తావులేదు. నోటి ద్వారానో రక్తనాళం ద్వారానో స్టెరాయిడ్ గట్టిగా, త్వరగా మొదలవ్వాలి. ప్రెడ్నిసోలోన్ మామూలుగా కిలో బరువుకు రోజుకు 1 మి.గ్రా., గరిష్ఠంగా 60 నుంచి 80 మి.గ్రా. ఉదయం తిన్న తర్వాత వేసుకోవాలి. మూడు వారాలు దాటి వాడినదాన్ని ఒక్కసారిగా ఆపితే అడ్రినల్ గ్రంథులు అందుకోలేక మనిషి కుప్పకూలవచ్చు. షుగర్, బీపీ, ఎముకలు, బరువు కనిపెట్టుకుని ఉండాలి.

లక్ష్యం మూడు నెలల్లో రోజుకు 7.5 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువకు దిగడం. దిగలేకపోతే స్టెరాయిడ్ భారాన్ని మోసే మరో మందు జోడించాలి. ఇక్కడ ఆలస్యం చేయడమే మేం ఎక్కువగా చూసే పొరపాటు. 20 మి.గ్రా. స్టెరాయిడ్ మీద ఏడాది నెట్టుకురావడం కన్నా అలాంటి మందైన మెథోట్రెక్సేట్ చాలా క్షేమం.

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, 15 నుంచి 25 మి.గ్రా. ఫోలిక్ యాసిడ్‌తో ఇస్తారు. మైకోఫినలేట్ రోజుకు రెండుసార్లు, 1 నుంచి 1.5 గ్రాములు. రెండింటి ప్రభావం కనబడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ లోపు స్టెరాయిడే వంతెన. భారత్ సహా అయిదు దేశాల్లో 216 మందితో జరిగిన ఫాస్ట్ పరీక్ష ఫలితాలు 2019లో వచ్చాయి. మొత్తమ్మీద మెథోట్రెక్సేట్ 66.7 శాతం మందికి, మైకోఫినలేట్ 57.1 శాతం మందికి పనిచేసింది, గణాంకాల ప్రకారం ఇది తేడా కిందకు రాదు. కానీ పోస్టీరియర్, ప్యాన్‌యువియైటిస్‌లో మెథోట్రెక్సేట్‌ది 74.4 శాతం, మైకోఫినలేట్‌ది 55.3 శాతం. కోరాయిడ్ జబ్బుకు మెథోట్రెక్సేట్‌తో మొదలుపెట్టడానికి ఇది గట్టి ఆధారం. మెథోట్రెక్సేట్‌ను పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం, చీటీ మీద వారం పేరు రాయించుకోండి. మద్యం తాగేవారికీ, లివర్ బాగోలేనివారికీ మైకోఫినలేట్ నయం. గర్భం కోరుకుంటున్నవారికి రెండూ వద్దు, అజాథయోప్రిన్ వాడవచ్చు.

ఇంప్లాంట్ ఒకవైపు, మాత్రలు మరోవైపు పెట్టి 255 మందిని ఏళ్ల తరబడి గమనించిన మస్ట్ పరీక్ష కుట్టే ఫ్లూవోసినలోన్ ఇంప్లాంట్‌తో చేసినది. రెండేళ్ల దగ్గర చూపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడేళ్ల దగ్గర మాత్రలు వాడినవారి చూపు దాదాపు ఏడు అక్షరాలు మెరుగ్గా ఉంది. వయసులో ఉండి, రెండు కళ్లకూ దీర్ఘకాలపు జబ్బున్నవారికి మాత్రల దారినే మేం ముందు సూచించేది ఇందుకే.

అడాలిముమాబ్ ఇంజెక్షన్ ఎప్పుడు

మాత్రలతో అదుపు కాకపోతే అడాలిముమాబ్. మొదట 80 మి.గ్రా., వారం తర్వాత 40, ఆపైన రెండు వారాలకోసారి 40 మి.గ్రా. చర్మం కింద వేసుకోవాలి. ముందు భాగంలో లేని యువియైటిస్‌కు 2016లో అనుమతి వచ్చింది. స్టెరాయిడ్ తగ్గిస్తున్నప్పుడు జబ్బు తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం ఉత్తుత్తి మందుతో 13 వారాలు, దీనితో 24 వారాలు. దాగి ఉన్న క్షయను ఇది తట్టిలేపుతుంది కాబట్టి పరీక్ష లేకుండా మొదలుపెట్టకూడదు. ఇంటర్మీడియట్ యువియైటిస్ ఉన్నవారిలో ఇంకో మెలిక ఉంది. కొందరిలో అది మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో ముడిపడి ఉంటుంది, ఈ మందు ఆ నరాల జబ్బును ముదరబెట్టవచ్చు. చేతులు కాళ్లలో తిమ్మిర్లు, గతంలో చూపు నరం వాపు ఉంటే ముందే చెప్పాలి, మెదడు ఎంఆర్‌ఐ తీయించాలి.

పిల్లల్లో కీళ్లవాతంతో వచ్చే యువియైటిస్‌లో మాత్రం దీని దాకా త్వరగానే వెళ్లాలి. కన్ను తెల్లగా, నొప్పి లేకుండా ఉంటూనే లోపల జబ్బు నడుస్తుంది. పిల్లవాడు ఏమీ చెప్పడు. కీళ్లవాతం బయటపడి, రక్తంలో ఏఎన్ఏ అనే యాంటీబాడీ పాజిటివ్ ఉన్న చిన్నపిల్లలను మూడు నెలలకోసారి స్లిట్‌ల్యాంప్ కింద చూపించాల్సిందే. మెథోట్రెక్సేట్‌కు అడాలిముమాబ్ కలిపితే వైద్యం విఫలమైనవారు 27 శాతం, మెథోట్రెక్సేట్ ఒక్కటే అయితే 60 శాతం అని 2017లో తేలింది. రోజుకు మూడు కన్నా ఎక్కువ స్టెరాయిడ్ చుక్కలతో నెలల తరబడి నెట్టుకొస్తే ఈ పిల్లల లెన్స్‌లు చిన్నవయసులోనే మసకబారతాయి.

ఏ దారి ఎంచుకున్నా ప్రెషర్ కొలత తప్పదు. మామూలు జనాభాలో మూడో వంతు మందికి స్టెరాయిడ్ చుక్కలతో ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది, నూటికి అయిదుగురికి విపరీతంగా. అది రెండు నుంచి ఆరు వారాల మధ్య బయటపడుతుంది, నొప్పి ఉండదు. చుక్కలు మొదలైన రెండో వారంలోనూ, ఆపైన తగ్గించే ప్రతి మెట్టు దగ్గరా కొలిపించుకోండి. ఇంప్లాంట్ పెట్టించుకున్నవారికి ఆరు నుంచి పది వారాల మధ్య కొలత అన్నిటికన్నా ముఖ్యం. వెన్ను నొప్పి మూడు నెలలకు మించి, 45 ఏళ్లలోపు మొదలై ఉంటే కీళ్ల డాక్టరును కూడా కలవాలి. ఉన్నట్టుండి వచ్చే యాంటీరియర్ యువియైటిస్‌లో దాదాపు సగం మందిలో హెచ్ఎల్ఏ-బి27 జన్యువు ఉంటుంది, కంటికి వచ్చిన జబ్బుకూ వెన్నులోని జబ్బుకూ అప్పుడు ఒకే మందు సరిపోవచ్చు.